మధ్యలో కుర్చీ

మొన్న అనంతపురంలో ఫ్యామిలీ కౌన్సెలింగ్‌కి వెళ్లాం. ఇంటర్ చదివే మా బాబు అలవాటుగా మా ఇద్దరి మధ్యలో కూర్చున్నాడు. ఏళ్లుగా మా మాటలన్నీ వాడి మీదుగానే, "మీ నాన్నకు చెప్పు", "మీ అమ్మనడుగు" అంటూ. కౌన్సెలర్ మేడమ్ వాడి కుర్చీ పక్కకు జరిపించి, వాడి కాలేజీ ఫీజు గొడవ ఇక్కడే ఎదురెదురుగా మాట్లాడుకోండి అన్నారు. నోరు పెగల్లేదు. వాడు కల్పించుకోబోతే, ఇది అమ్మానాన్నల పని నాన్నా అని ఆపారు.

అర్జెంటీనాలో పుట్టిన మానసిక వైద్యుడు సాల్వడార్ మినూచిన్ 1960ల్లో అమెరికాలో మొదలుపెట్టిన పద్ధతి ఇది: తప్పు పిల్లాడిలో వెతకరు, ఇంట్లో ఎవరి మధ్య హద్దు ఎలా ఉందో చూస్తారు. హద్దు మరీ పలచనైతే ఒకరి టెన్షన్ అందరికీ పాకుతుంది, మరీ గట్టిదైతే ఒకరి బాధ ఇంకొకరికి చేరదు. మా ఇంట్లో రెండూ ఉన్నాయి.

ఆ రాత్రి మిద్దె మీద మేమిద్దరమే కూర్చుని ఫీజు లెక్క వేసుకున్నాం. వాడు కింద నిద్రపోయాడు.