ఎంగిలి అంటని బొమ్మలు

మహాలయ అమావాస్య నాడు అటక మీది ట్రంకుపెట్టె దించగానే మా అమ్మ ముందు వెతికేది ఒక పాత నూలుచీర మూట. అందులో ఎర్రచందనం కొయ్యబొమ్మల జంట ఉంటుంది. మా అవ్వకు పెళ్లి సారెలో వచ్చింది. తిరుపతి వైపు ఆడపిల్లకు ఈ జంటనివ్వడం పాత ఆనవాయితీ. మేము వేంకటేశ్వరుడు, అలమేలుమంగ అనుకుంటాం. దసరా కొలువులో దశావతారాలున్నా, కొండపల్లి అంబారీ ఏనుగున్నా, మెట్టెక్కేది ముందు వీళ్లే. పసుపు కుంకుమలు పెట్టి, జరీగుడ్డ చుట్టాకే తక్కినవాటి వంతు.

కొండపల్లి బొమ్మను పొడిగుడ్డతోనే తుడవాలి. తేలికైన పొనికి కర్ర, చింతపిక్కల మక్కుతో అతికిన అతుకులు, నీళ్లు తగిలితే పాడైపోతుంది. ఎర్రచందనం అలా కాదు. నీళ్లలో వేస్తే మునిగేంత చేవ. అయినా ఈ జంటకు ముక్కులు లేవు, పెదవులు అరిగిపోయాయి. ఇంట్లో చంటిబిడ్డ ఉంటే ఇవి బిడ్డ పక్కలోనే ఉండేవి మరి. ఆ చెక్క చలవ అని, చప్పరించినా మంచిదేనని పెద్దల నమ్మకం. మూడు తరాల పళ్లు వాటి మీద పడ్డాయి.

మా అవ్వది గట్టి మడి. నైవేద్యం దరిదాపులకు పిల్లల్ని రానిచ్చేది కాదు. అలాంటి మనిషి, మేమందరం చప్పరించిన ఆ బొమ్మల్నే తొలి మెట్టు మీద పెట్టి హారతిచ్చేది. ఎంగిలన్న మాట ఆ బొమ్మల విషయంలో ఆమె నోట ఎన్నడూ రాలేదు. శబరి కొరికి చూసి పెట్టిన పండ్లు రాముడు తిన్నాడని మనవాళ్లు చెప్పుకునే కథ నాకు అర్థమైంది అవ్వ చేసిన ఈ పూజ వల్లే.

ఒకసారి ముక్కులు మళ్లీ చెక్కిద్దామన్నాను. "దాన్ని అరగదీసింది నువ్వేనే. ఉండనీ," అంది అమ్మ.

విజయదశమి రాత్రి హారతయ్యాక, గుగ్గిళ్లు పంచేశాక, ఇద్దరినీ పక్కపక్కనే పడుకోబెట్టి చిన్న గుడ్డ కప్పుతాం. కొలువు ముగిసినట్టు. ఈ ఏడు మర్నాడు పెట్టె సర్దుతుంటే నూలుచీర ఖాళీగా మిగిలింది. నా మనవరాలికి పళ్లొస్తున్నాయి. అమ్మ ఆ జంటను కడిగి తీసుకెళ్లి ఉయ్యాల్లో పెట్టింది.