మెట్ల కింద పిథియా

పారిస్‌లో ఒపేరా మెట్రో స్టేషన్ నుంచి పైకి రాగానే పాలే గార్నియే ఎదురుగా నిలబడి ఉంటుంది. షార్ల్ గార్నియే కట్టిన ఈ నాటకశాలను 1875 జనవరి 5న ప్రారంభించారు. అందరూ చౌకులో ఫొటోలు దిగుతుంటే నేను నేరుగా గుమ్మాలకు కుడిపక్కనున్న ‘నృత్యం’ శిల్పం దగ్గరికి వెళ్లాను.

మధ్యలో రెక్కలున్న యువకుడు కంజీర పైకెత్తాడు. అతని చుట్టూ బాకస్ భక్తురాళ్లు చేతులు పట్టుకుని తిరుగుతున్నారు. బాకస్ అంటే గ్రీకుల డయోనిసస్, మధువుకీ పరవశానికీ దేవుడు. ఏథెన్స్‌లో నాటకాలు ఆడింది ఆయన ఉత్సవాల్లోనే కాబట్టి నాటకశాల ముందు ఈ ఆట ఉండాల్సిందే. కానీ 1869లో దీన్ని చెక్కిన శిల్పి కార్పో ఈ శిల్పం చూపించినప్పుడు ఇంత నగ్నత్వమా అని ఊరంతా గొడవ. ఒక రాత్రి ఎవరో దానిమీద సిరా సీసా కూడా విసిరారు. తీసేసి వేరేది పెట్టాలనుకున్నారు గానీ, ఈలోగా 1870లో ప్రష్యాతో యుద్ధం రావడంతో బతికిపోయింది. ఇప్పుడు బయట ఉన్నది 1964లో పోల్ బెల్మోండో చేసిన నకలు. అసలుది ఓర్సే మ్యూజియంలో ఉంది. అక్కడ దాన్ని బాగా దగ్గర నుంచి చూడొచ్చు. ఆ నవ్వుల్లో బుగ్గలు ఉబ్బడం, తిరిగే ఊపుకి నడుము దగ్గర చర్మం మడత పడటం చూస్తే ఇది రాయంటే నమ్మబుద్ధి కాదు. రెండూ చూడాల్సిందే.

పైకి చూస్తే కప్పు శిఖరాన గ్రీకుల సంగీత దేవుడు అపోలో, రెండు చేతులతో బంగారు లైర్ అనే తంతి వాద్యాన్ని ఎత్తి పట్టుకుని ఉన్నాడు. దాన్ని సరిగ్గా చూడాలంటే అవెన్యూ మీద కాస్త వెనక్కి నడవాలి.

లోపల పాలరాతి మెట్లు చూసి జనం నోరెళ్లబెడతారు. నన్ను కదిలించింది మాత్రం ఆ మెట్ల కింద, నీటితొట్టి దగ్గరున్న కంచు పిథియా. డెల్ఫీలో అపోలో గుడి పూజారిణి ఆమె. దేవుడి మాట ఆమె నోటే పలికేది. ముక్కాలి పీట మీద కూర్చుంది, ఒళ్లంతా మెలి తిరిగింది, జుట్టులో పాములు. బోనాల్లో రంగం చెప్పే అమ్మను చూసినవాళ్లకు ఆ పూనకం వెంటనే తెలిసిపోతుంది. చేసింది ‘మార్చెల్లో’ అనే మగపేరు పెట్టుకున్న శిల్పకారిణి అడెల్ దాఫ్రీ. ఆడవాళ్లు చేసిన శిల్పాలను తేలిగ్గా కొట్టిపారేసే రోజుల్లో, 1870లో ‘సలోన్’ అనే పారిస్ కళా ప్రదర్శనలో దీన్ని ప్రదర్శించింది. కార్పోకి దక్కే చూపుల్లో సగం కూడా ఈమెకు దక్కడం లేదు, అది అన్యాయం. వెళితే మెట్లెక్కే తొందరలో దాటిపోకండి, ముందు ఆమె చుట్టూ ఒకసారి తిరిగి చూడండి.