అమ్మను రైల్లో బ్రైటన్ తీసుకెళ్లిన రోజు

అమ్మ లండన్ వచ్చి రెండు నెలలైనా ఇంటి ఎదురుగా ఉన్న పార్కు దాటి ఎక్కడికీ వెళ్లలేదు. 76 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఇంట్లో కర్ర పట్టుకుని తిరుగుతుంది కానీ పది నిమిషాలు నిలబడలేదు. ఎక్కడికి బయలుదేరినా "మీరు వెళ్లి రండి, నేను ఇంట్లో ఉంటాలే" అంటుంది. ఆ మాట వినలేక, ఆగస్టులో ఒక శనివారం అందరం కలిసి సముద్రం ఒడ్డునున్న బ్రైటన్ ఊరికి వెళ్లాల్సిందే అన్నాను. మాకు కారు లేదు, రైల్లోనే వెళ్లాలి.

మడత వీల్‌చెయిర్ ఒకటి అద్దెకు తెచ్చాం. అమ్మ దాని వంక చూడనైనా చూడలేదు. "నన్ను తోసుకెళ్తుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారే?" అని ఒకటే గొడవ.

ఇక్కడి రైల్వేలో ప్యాసెంజర్ అసిస్ట్ అని, రైలెక్కడానికీ దిగడానికీ సాయం చేసే ఒక ఉచిత సేవ ఉంది. వికలాంగులకు మాత్రమే అనుకుని మనవాళ్లు చాలామంది అడగరు. వయసు మీద పడి నడవలేకపోయినా చాలు, సర్టిఫికెట్లేవీ అడగరు. ప్రయాణానికి 2 గంటల ముందు వరకూ బుక్ చేసుకోవచ్చు. నేను టెన్షన్ పడి రెండు రోజుల ముందే ఫోన్ చేశాను. ఏ రైలు, కుర్చీ మడుస్తారా, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా సాయం కావాలి అని ఓపిగ్గా అడిగి రాసుకున్నారు. "ఆవిడ రైలు మెట్టు ఎక్కగలరా, ర్యాంప్ కావాలా?" అన్నప్పుడు అమ్మ వైపు చూశాను. "ఎక్కేస్తాలే" అంది. అది మొహమాటమని నాకు తెలుసు. ర్యాంపే కావాలన్నాను.

టికెట్ల దగ్గర ఒక్కటే చెప్పాలి. 60 దాటినవాళ్లకి సీనియర్ రైల్‌కార్డు ఉంటుంది, మూడో వంతు తగ్గింపు. అమ్మలా కొన్నాళ్లు ఉండి వెళ్లేవాళ్లు కూడా పాస్‌పోర్టు చూపించి తీసుకోవచ్చు.

శనివారం పొద్దున మా స్టేషన్‌కి వెళ్తే లిఫ్ట్ పనిచేయడం లేదు. ప్లాట్‌ఫాం మీదికి వెళ్లాలంటే మెట్లే. అక్కడున్న ఉద్యోగి "సారీ, ఇంకో స్టేషన్‌కి వెళ్లండి" అని ఊరుకున్నాడు. అమ్మ వెంటనే "పోదాం పదవే, ఇంటికి" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అదృష్టం కొద్దీ నిబంధన ముందే చదివి ఉన్నాను: లిఫ్ట్ పాడైతే, మెట్లు లేకుండా రైలెక్కగలిగే దగ్గరి స్టేషన్‌కి వాళ్లే టాక్సీ లాంటిది ఏర్పాటు చేయాలి, దానికి అదనంగా డబ్బు తీసుకోకూడదు. ఆ మాటే మర్యాదగా, కానీ గట్టిగా అడిగాను. అతను ఎవరికో ఫోన్ చేశాడు. అరగంటలో టాక్సీ వచ్చింది. మీకూ ఇలా జరిగితే దయచేసి అడగండి, అడగందే ఎవరూ చెప్పరు.

టాక్సీ మమ్మల్ని ఈస్ట్ క్రాయ్‌డన్ స్టేషన్‌లో దింపింది. అక్కడ ప్లాట్‌ఫాంలకి మెట్లు లేని వాలుదారులున్నాయి. రైలు ఆగగానే నారింజ రంగు కోటు వేసుకున్న ఒకమ్మాయి మడతపెట్టిన ర్యాంప్ తెచ్చి తలుపు దగ్గర పరిచింది. కాలితో రెండుసార్లు తొక్కి కదలడం లేదని చూసుకుంది. తర్వాత నన్ను కాదు, వంగి అమ్మ కళ్లలోకి చూస్తూ "రెడీ?" అని అడిగింది. అమ్మ తలూపింది. అప్పటిదాకా కొంగు చివర బిగించి పట్టుకున్న చెయ్యి వదులైంది. రైలు కదిలాక "ఆ పిల్ల నన్నే అడిగింది, చూశావా?" అంది. నాకు ఆ రోజంతటిలో అంతకంటే పెద్ద విషయం లేదు.

దారిలో ఊజ్ వ్యాలీ వంతెన వస్తుంది. 1841 నాటిది, 37 కమానులు, 96 అడుగుల ఎత్తు. రైల్లో ఉన్నవాళ్లకి కమానులు కనపడవు, ఉన్నట్టుండి రెండు వైపులా నేల కిందికి దిగిపోయి పొలాలు లోతుగా కనిపిస్తాయి. అమ్మ అద్దానికి నుదురు ఆనించి చూసింది.

బ్రైటన్‌లో మా పెట్టె ముందు ర్యాంప్ పట్టుకుని ఒకాయన అప్పటికే నిలబడి ఉన్నాడు. స్టేషన్ నుంచి సముద్రానికి తిన్నగా రోడ్డుంది కానీ బాగా వాలు. మా ఆయన కుర్చీని వెనక్కి లాగి పట్టుకుంటూ దించేసరికి చేతులు పడిపోయాయి. వచ్చేటప్పుడు బస్సెక్కాం, కుర్చీకి అందులో చోటుంటుంది. వెళ్లేటప్పుడే బస్సెక్కాల్సింది.

బ్రైటన్ ఒడ్డున ఇసుక ఉండదు, అన్నీ గులకరాళ్లే. చక్రాలు ఒక్క అడుగు కూడా వెళ్లవు. ఇంత దూరం వచ్చి నీళ్లు తాకకుండా ఎలా అని నేను దిగాలుగా నిలబడితే, మా తొమ్మిదేళ్ల వాడు బకెట్ పట్టుకుని పరిగెత్తాడు. సగం ఒలకబోసుకుంటూ తెచ్చి "అమ్మమ్మా, కాళ్లు చాపు" అన్నాడు. అమ్మ చెప్పులు విప్పి కాళ్లు చాపింది. చల్లటి నీళ్లు పడగానే ఒళ్లు జలదరించి, మిగిలినవి దోసిట్లో పట్టి తల మీద చల్లుకుంది. "ఇంకో బకెట్ తేరా" అంది.

సాయంత్రం తిరుగు రైలు దగ్గర ర్యాంప్ పరిచారు. పరిచినాయన నోరు తెరిచేలోపే అమ్మ "రెడీ" అంది.