వంద మ్యాచులు

"నాన్నా, నువ్వు వంద మ్యాచులు ఆడావా?" ఇవాళ పొద్దున ఆస్‌కిక్ (చిన్నపిల్లల ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ క్లాసు) అయ్యాక బూట్ల బురద కార్ టైరుకేసి కొట్టి దులుపుతూ మావాడు అడిగాడు. ఆడా రా, వీధి క్రికెట్, టెన్నిస్ బాల్‌తో అన్నా. అది లెక్కలోకి రాదంట.

ఫ్రెండ్ ఎవడో ఫాదర్-సన్ రూల్ గురించి చెప్పాడంట. ఏఎఫ్ఎల్‌లో, అంటే ఇక్కడి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో, తండ్రి ఒక క్లబ్‌కి వంద సీనియర్ మ్యాచులు ఆడుంటే కొడుకు మీద ఆ క్లబ్‌కే మొదటి హక్కు, డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట) వేరేవాళ్ళు బిడ్ వేసినా తమ వంతులకున్న పాయింట్లు కట్టి తెచ్చేసుకోవచ్చు. 2021లో నిక్ డేకాస్ అనే కుర్రాడికి గోల్డ్ కోస్ట్ క్లబ్ బిడ్ వేస్తే కాలింగ్‌వుడ్ క్లబ్ అలాగే లాగేసుకుంది, వాళ్ళ నాన్న పీటర్ అక్కడ 250 ఆడాడు మరి.

నాన్న వేసుకున్న 35 నంబరే కొడుకు వీపు మీద చూస్తే నాకూ ముచ్చటేస్తుంది, అబద్ధం ఎందుకు. కానీ గోల్డ్ కోస్ట్ లీగ్‌లోకి వచ్చిందే 2011లో, వాళ్ళకి వంద ఆడినోళ్ళు తయారయ్యి వాళ్ళ పిల్లలు పెరిగి పెద్దయ్యేదెప్పుడు? వాళ్ళకి అకాడమీ (తమ ప్రాంతం పిల్లల్ని తామే తయారుచేసుకునే శిక్షణ) ఉందిగా అంటారు, అది ఇంకో గొడవ. అదే బ్రిస్బేన్ క్లబ్‌కి చూడండి, ఆష్‌క్రాఫ్ట్ అన్నదమ్ములు ఇద్దరూ ఈ ఫాదర్-సన్ దారిలోనే వచ్చారు.

వారసుల గురించి మనం మాట్లాడకూడదేమో, మన సినిమాల్లో అయితే వంద రూల్ కూడా లేదు 😀

"అయితే నన్ను ఎవరు తీసుకుంటారు?" అన్నాడు. బాగా ఆడితే ఎవరైనా తీసుకుంటారు రా అన్నా. కాసేపు ఆలోచించి, అయితే సాసేజ్ కొనిపెట్టు అన్నాడు.