ఇంగ్లీషు పేరా: చిక్కంతా మొదటి వాక్యంలోనే

మనవాళ్ల థీసిస్‌లలో గ్రామర్ తప్పుల కంటే గైడ్‌ని ఎక్కువ విసిగించేది పేరా. ఒక్కోటి పేజీన్నర సాగుతుంది. అసలు మాట ఆఖర్న "అందువల్ల" తర్వాత గానీ దొరకదు. తెలుగు వ్యాసంలో ఇది తప్పేం కాదు, ముందు నేపథ్యం చెప్పి మెల్లగా విషయానికి రావడం మనకు అలవాటే. అకడమిక్ ఇంగ్లీషు చదివేవాళ్లు మాత్రం ఆ మాట కోసం మొదటి వాక్యంలోనే వెతుకుతారు.

ఆ మొదటి వాక్యాన్ని టాపిక్ సెంటెన్స్ అంటారు. ఆ పేరే కొంపముంచుతుంది, చాలామంది టాపిక్ ఒక్కటే రాసి ఊరుకుంటారు. "అనంతపురంలో వేరుశనగ ముఖ్యమైన పంట" అనే వాక్యమే చూడండి. నిజమే, కానీ దాని కింద చరిత్ర రాయొచ్చు, ధరలు రాయొచ్చు, నూనె మిల్లుల గురించీ రాయొచ్చు. అదే "వేరుశనగ ఒక్కదాన్నే నమ్ముకోవడం వల్ల వాన తప్పిన ఏడు మెట్టరైతు నష్టం ఇంకా పెరుగుతుంది" అని రాస్తే, చదివేవాళ్లకు వెంటనే "ఎలా?" అనిపిస్తుంది. ఆ ప్రశ్నకు జవాబే మిగతా పేరా. జవాబు కానిదేదైనా, ఎంత కష్టపడి సేకరించినా సరే, ఇంకో పేరాకి పోవాలి.

జవాబు ఇలా నడుస్తుంది. ముందు ఒకటి రెండు వాక్యాల్లో కారణం: కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే దశలో తేమ లేకపోతే కాయ పట్టదు, పొలమంతా అదే పంటైతే ఆదుకోవడానికి ఇంకోటి ఉండదు. తర్వాత ఆధారం: వర్షపాతం, దిగుబడి లెక్కలు, అవి ఎక్కడివో చెప్పే సైటేషన్. ఆపైన ఆ లెక్కల్ని బట్టి మీకు తేలిందేమిటో మీ మాటల్లో. ఎక్కువమంది జారిపోయేది ఈ మూడో మెట్టు దగ్గరే. కొటేషన్ పెట్టి, బ్రాకెట్లో పేరూ సంవత్సరమూ వేసి పేరా ముగించేస్తారు. అప్పుడు వాదన మీది కాదు, ఆ బ్రాకెట్లో ఉన్నాయనది.

మొత్తం ఐదు నుంచి ఎనిమిది వాక్యాలు, 120 నుంచి 200 పదాలు వస్తే సరిపోతుంది. విదేశీ చదువులకు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో వ్యాసం రాసే టాస్క్ 2 లెక్క వేరు. అక్కడ 40 నిమిషాల్లో కనీసం 250 పదాలు రాయాలి కాబట్టి, మధ్యలో రెండు పేరాలు, ఒక్కోటి 90 పదాల చొప్పున చాలు.

వాక్యాల్ని అతికించడానికి మోర్‌ఓవర్, ఫర్దర్‌మోర్ చల్లడం కోచింగ్ సెంటర్ల పుణ్యం. నిజానికి ముందు వాక్యం చివర వచ్చిన విషయంతో తర్వాతి వాక్యం మొదలుపెడితే అతుకు దానంతటదే పడుతుంది. "దిస్" అని ఒంటరిగా వదలకండి. పక్కన "షార్టేజ్" లాంటి నామవాచకం ఉంటేనే దేన్ని అంటున్నారో తెలుస్తుంది.

చాప్టర్ అయ్యాక ప్రతి పేరాలో మొదటి వాక్యాన్ని మాత్రమే వేరే ఫైల్లో వరుసగా పేస్ట్ చేసి చదవండి. వాదన తెగకుండా సాగాలి. రెండు వాక్యాలు ఒకటే చెబుతుంటే ఆ పేరాలు కలిపేయండి. ఒకే వాక్యంలో "అండ్"కి అటొకటి ఇటొకటి వాదన ఉంటే, ఆ పేరాని రెండు చేయండి. పరిశోధన ఎలా చేశారో చెప్పే మెథడాలజీ చాప్టర్‌కి ఈ పరీక్ష అక్కర్లేదు. అక్కడ పని జరిగిన వరుసే పేరాల వరుస.