తిత్లీ తర్వాత హామ్ లైసెన్స్: పర్లాకిమిడి నుంచి నా అనుభవం

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. ముందు కరెంటు పోయింది, ఆ వెనకే సెల్ సిగ్నల్ పోయింది. బరఘరాలో కొండచరియ విరిగిపడి మనుషులు చనిపోయారన్న కబురు మా వీధికి చాలా ఆలస్యంగా చేరింది. ఇంత దగ్గర ఊరి సంగతి ఇంత ఆలస్యంగా తెలియడమేమిటన్న బాధ నన్ను వదల్లేదు.

1999 సూపర్ సైక్లోన్‌లో ఫోన్లు పనిచేయనప్పుడు హామ్‌లు, అంటే లైసెన్స్ తీసుకుని సొంత రేడియో సెట్లతో మాట్లాడుకునే ఔత్సాహికులు, వైర్‌లెస్‌లో సమాచారం అందించారని మా నాన్నగారు చెబుతుండేవారు. ఆ మాటే నన్ను హామ్ లైసెన్స్ పరీక్ష వైపు నడిపించింది. లైసెన్స్‌లో రెస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడులుంటాయి. రెస్ట్రిక్టెడ్‌కు మోర్స్ (అక్షరాలను పొట్టి, పొడుగు శబ్దాలుగా పంపే పద్ధతి) అక్కర్లేదు. జనరల్‌కు నిమిషానికి 8 పదాల వేగంతో మోర్స్ పంపాలి, విని రాసుకోవాలి. సిగ్నల్ బలహీనంగా ఉండి మాట అర్థం కానప్పుడు కూడా మోర్స్ వినిపిస్తుంది కాబట్టి జనరలే ఎంచుకున్నాను. థియరీ, నిబంధనల పేపర్లు చదివితే వచ్చేస్తాయి. మోర్స్‌కు మాత్రం చెవి అలవాటు పడాలి. చుక్కలు, గీతలు లెక్కపెట్టకుండా అక్షరాన్ని ఒకే శబ్దంగా వినడం వచ్చాకే నాకు టెన్షన్ తగ్గింది. లైసెన్స్ ఫీజు 20 ఏళ్లకు 1000 రూపాయలు, జీవితకాలానికి 2000. కాగితాలు కదలడానికి ఓపిక కావాలి, అంతే.

అసలు కష్టం కాల్‌సైన్ (రేడియోలో నన్ను గుర్తించే సంకేతం) వచ్చాక మొదలైంది. చేతిలో పట్టుకునే 2 మీటర్ల బ్యాండ్ సెట్ (ఆ మీటర్లు తరంగం పొడవు) ఊళ్లో బాగానే పలికింది. మా జిల్లాలోని మోహన ఊరి వైపు కొండలెక్కితే చప్పుడే లేదు. ఆ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి, మధ్యలో కొండ వస్తే ఆగిపోతాయి. శ్రీకాకుళంలో నాకు నేర్పిన పెద్దాయన్ని అడిగాను.

"కొండతో గొడవెందుకు బాబూ? పైకి పంపు, అదే దిగొస్తాది" అన్నారు.

ఆయన చెప్పింది 40 మీటర్ల బ్యాండ్, అంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గర. దానికి ఏంటెనా అంటే అటు పది మీటర్లు, ఇటు పది మీటర్లు రాగి తీగ, మధ్యలో సెట్‌కు వచ్చే కేబుల్. దూరదేశాలతో మాట్లాడాలంటే దాన్ని బాగా ఎత్తున కడతారు. మాకు కావలసింది చుట్టుపక్కల జిల్లాలు. అందుకని నాలుగైదు మీటర్ల ఎత్తులోనే, రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టాం. తరంగం నిటారుగా లేచి, అయనోస్ఫియర్‌కు (ఆకాశంలో చాలా ఎత్తున రేడియో తరంగాలను వెనక్కి తిప్పే పొరకు) తగిలి, కొండల వెనక్కి కూడా దిగుతుంది. పగలు కొండ అవతలి మిత్రుడి గొంతు స్పష్టంగా వినిపించింది, సంతోషంతో కేక పెట్టాను. రాత్రిళ్లు 7 మెగాహెర్ట్జ్ తరంగం తిరిగి దిగకుండా పైకే పోతుండేది. అప్పుడు 80 మీటర్ల బ్యాండ్‌కు మారాలి, దానికి ఇంకా పొడవైన తీగ కావాలి. ఇవన్నీ తుఫాను రాకముందే తెలిసి ఉండాలి. గాలివానలో చెట్టెక్కి తీగ కట్టడం కుదిరే పని కాదు.

రెండో సంగతి, సందేశం రాసే పద్ధతి. "మందులు కావాలి" అంటే ఎవరూ ఏమీ పంపలేరు. ఏ ఊరు, ఏ బ్లాకు, ఎంతమంది, ఏ మందు, ఎవరు అడిగారు, ఎన్ని గంటలకు అన్నీ కాగితం మీద ఉండాలి. ఒకే పేరున్న ఊళ్లు మా దగ్గర చాలా ఉన్నాయి కాబట్టి పేరు అక్షరం అక్షరంగా చెబుతాం, అంకెలు రెండుసార్లు చెబుతాం, అవతలివాళ్లు తిరిగి చదివాకే సరే అంటాం. కొండ ఊళ్లో మాట సవర భాషలో మొదలవుతుంది, ఆరోగ్య కార్యకర్త దాన్ని ఒడియాలో చెబుతుంది, నేను శ్రీకాకుళానికి తెలుగులో పంపాలి. ఇన్ని నోళ్లు మారే కబురుకు కాగితమే ఆధారం.

మూడోది, అధికారులకు ముందే పరిచయం కావడం. విపత్తు వేళ సెట్ పట్టుకుని కంట్రోల్ రూమ్‌కు వెళ్తే గుమ్మం దగ్గరే ఆపేస్తారు, అది వాళ్ల తప్పూ కాదు. అందుకే లైసెన్స్ నకలు, కాల్‌సైన్, మా దగ్గరున్న సెట్లు, బ్యాటరీల వివరాలు రాసి ముందుగానే ఇచ్చాం. మాక్ డ్రిల్‌కు పిలిచారు. కరెంటు ఆపేసి, కారు బ్యాటరీ మీద కొండ ఊరి నుంచి సందేశం రప్పించి చూపించాం. ఆ తర్వాత మా కాల్‌సైన్లు వాళ్ల రిజిస్టర్‌లో చేరాయి.

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్న 40 మీటర్ల మీద కలుసుకుని హాజరు చెప్పుకుంటున్నాం. కాశీనగర్, గుణుపురం వైపు మాకింకా ఎవరూ లేరు. అక్కడి తెలుగువాళ్లెవరైనా పరీక్షకు కూర్చుంటానంటే పుస్తకాలిస్తాను, మోర్స్ నేర్పుతాను, తీగ కట్టడానికి నేనే వస్తాను.