‘ది పాత్’: నిచ్చెన ఎక్కినవాడు ఎందుకు దిగలేడు

ఒక గురువు చుట్టూ బిగుసుకుపోయిన మత ముఠాల (కల్ట్‌ల) మీద వచ్చే డ్రామాలు చాలావరకు ఒకే గోతిలో పడతాయి. కళ్లార్పకుండా చూసే గురువు, ఆ చూపుకి కరిగిపోయే అమాయకుడు, చివరి ఎపిసోడ్‌లో పోలీసు జీపులు. గురువుని జైల్లో వేస్తే కథ కంచికి. అసలు చిక్కు అక్కడ ఉండదని తెలిసి తీసిన సీరియల్ ‘ది పాత్’. జెస్సికా గోల్డ్‌బర్గ్ సృష్టించిన ఈ డ్రామా 2016 నుంచి 2018 దాకా అమెరికన్ స్ట్రీమింగ్ వేదిక హులూలో మూడు సీజన్లు, 36 ఎపిసోడ్లు నడిచింది.

ఇందులోని మేయరిజం అనే మతోద్యమం కల్పితం. న్యూయార్క్ రాష్ట్రంలో ఊరికి దూరంగా ఒక ఆవరణ, అందులో సామూహిక భోజనాలు, సేంద్రియ కూరగాయలు, వరద బాధితులకో మత్తుకు బానిసలైనవాళ్లకో సాయం. చూడ్డానికి ఏ వంకా లేదు. సాధన అంతా ‘లాడర్’ అనే నిచ్చెన మీద మెట్టుమెట్టుగా సాగుతుంది. స్థాపకుడు స్టీఫెన్ మేయర్ పెరూలో కూర్చుని చివరి మెట్లు రాస్తున్నాడని సభ్యుల నమ్మకం. నిజానికి ఆయన స్పృహ లేకుండా మంచాన పడి ఉన్నాడు. ఆ సంగతి దాచి బండి నడిపేది కాల్ రాబర్ట్స్, ఆ పాత్రలో హ్యూ డాన్సీ. సభ్యుడు ఎడ్డీ లేన్‌గా ఆరన్ పాల్, అతని భార్య సారాగా మిషెల్ మోనహన్ వేశారు.

సాధన కోసం పెరూ వెళ్లిన ఎడ్డీకి అక్కడే ఈ నమ్మకం మీద అనుమానం పుడుతుంది. ఇంటికొచ్చాక భార్య ఏదో తేడా పసిగడుతుంది. అప్పుడు అతను చెప్పే అబద్ధం చూడండి: అక్కడ ఇంకో అమ్మాయితో తప్పు చేశానంటాడు. చేయని వ్యభిచారం ఒప్పుకోవడమే, నమ్మకం పోయిందని చెప్పడం కంటే తేలిక! వ్యభిచారానికి పద్నాలుగు రోజుల శుద్ధి కార్యక్రమం ఉంది, అది ముగిస్తే మళ్లీ మనవాడే. అనుమానానికి మాత్రం వేరే పేరు ఉంది: ‘డినయర్’. ఆ ముద్ర పడితే భార్య, ఇద్దరు పిల్లలు, అత్తమామలు, ఉద్యోగం, ఇల్లు ఒక్క దెబ్బతో పోతాయి. సారా అందులోనే పుట్టి పెరిగింది, ఆమెకి అది మతం కాదు, పుట్టిల్లు. కాబట్టి ఎడ్డీకి కాపలా కాసేది కాల్ కాదు, ప్రేమించే భార్యే. సీరియల్ మొత్తంలో భయం వేసేది ఇక్కడే.

మేయరిస్టుల ‘అన్‌బర్డెనింగ్’ అనే ఒప్పుకోలు పద్ధతిని కూడా గమనించండి. మనసులో బరువు దించుకోమని పాత పాపాలన్నీ చెప్పిస్తారు, రికార్డు చేస్తారు. చెప్పినవాడికి ఆ రోజు నిజంగానే హాయిగా ఉంటుంది, అందుకే అది పనిచేస్తుంది. తర్వాత ఆ టేపులు ఎవరి అల్మారాలో ఉన్నాయన్నది అసలు ప్రశ్న. రెండో సీజన్‌లో డబ్బు ఇబ్బంది వచ్చినప్పుడు ఆ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. చైనా జైళ్ల నుంచి హాంగ్‌కాంగ్ చేరినవాళ్లతో మాట్లాడి, మనసుని లొంగదీసే వాతావరణానికి ఎనిమిది లక్షణాలుంటాయని 1961లో రాసిన మానసిక వైద్యుడు రాబర్ట్ జే లిఫ్టన్ ఒప్పుకోలుని వాటిలో ఒకటిగా చేర్చాడు. మరొకటి భాష. బయటివాళ్లందరినీ మేయరిస్టులు ‘ఐఎస్’ అంటారు, అజ్ఞానపు వ్యవస్థలో బతికేవాళ్లని అర్థం. ఆ ఒక్క మాటతో బయటి అన్నయ్య సలహా అయినా, డాక్టరు మాట అయినా వినక్కర్లేకుండా పోతుంది. ఆలోచనకి గొళ్లెం పెట్టే మాటలంటే ఇవే.

లోపం లేకపోలేదు. ఎడ్డీకి కనిపించే దృశ్యాల్లో నిజంగానే ఏదో మహిమ ఉందన్నట్టు సీరియల్ రానురాను ఊగిసలాడుతుంది. మూడో సీజన్‌కి అతన్నే నాయకుణ్ణి చేసి, మొదట్లో ఉన్న బిగువు వదిలేసింది. మొదటి సీజన్ పది ఎపిసోడ్లే గట్టివి.

‘వశం చేసేసుకున్నారు’ అన్న మాటకి ఒక లెక్క అడ్డం వస్తుంది. బ్రిటన్ సామాజిక శాస్త్రవేత్త ఐలీన్ బార్కర్, కొరియాలో పుట్టిన యూనిఫికేషన్ చర్చి అనే మతోద్యమాన్ని పరిశీలించినప్పుడు, 1979లో లండన్ ప్రాంతపు శిబిరాలకు వెళ్లిన వెయ్యి మందికి పైగా జనంలో నూటికి తొంభై మంది అసలు చేరనే లేదు. చేరినవాళ్లలోనూ ఎక్కువమంది రెండేళ్లలో బయటికొచ్చేశారు. మంత్రం అంత గట్టిది కాదన్నమాట. చిక్కుకునేది సాధారణంగా ఏదో దెబ్బ తిన్న సమయంలో అడుగుపెట్టినవాడు. ఎడ్డీ కూడా అన్న ఆత్మహత్య తర్వాతే వెళ్లాడు. అలాంటివాడు ఆగిపోవడానికి కారణం సిద్ధాంతం కంటే అక్కడ ఏర్పడ్డ చుట్టరికం.

అందుకే మనిషిని అక్కణ్ణుంచి బలవంతంగా ఎత్తుకొచ్చే పద్ధతి చాలాసార్లు బెడిసికొడుతుంది. అమెరికాలో 1970ల్లో టెడ్ పాట్రిక్ లాంటివాళ్లు ‘డీప్రోగ్రామింగ్’ పేరుతో మేజరైనవాళ్లని కూడా బలవంతంగా తెచ్చి గదిలో పెట్టి వాదించేవారు. అది ఫలించకపోతే మనిషి మరింత బిగుసుకుపోతాడు, ‘బయటి లోకం హింసిస్తుంది’ అని గురువు చెప్పిన మాటని ఇంటివాళ్లే రుజువు చేసినట్టవుతుంది. 1995లో అలాంటి కేసులో సియాటెల్ జ్యూరీ భారీ పరిహారం విధిస్తే, అందులో ఇరుక్కున్న, కల్ట్‌ల గురించి హెచ్చరించే సంస్థ కల్ట్ అవేర్‌నెస్ నెట్‌వర్క్ మరుసటి ఏడాదే దివాలా తీసింది. మన దగ్గర హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు హాజరుపరచమనే పిటిషన్) వేసినా, మేజరైనవాళ్లు జడ్జి ముందు నిలబడి ‘నా ఇష్టంతోనే ఉన్నాను’ అంటే అక్కడితో ఆగిపోతుంది. మైనరైతేనో, నిర్బంధానికి ఆధారాలుంటేనో దారి వేరు.

ఇంట్లో చేయగలిగింది నెమ్మదిగా నడిచే పని. గురువుని తిట్టకూడదు, తిడితే మీరూ ‘ఐఎస్’ లెక్కలోకి వెళ్తారు. నగదు ఇవ్వకండి, ఇంటికొచ్చే టికెట్టు మీరే కొనండి. హామీ సంతకాలు, ఆస్తి కాగితాలు, అసలు సర్టిఫికెట్లు జాగ్రత్త. ఏ తేదీన ఎంత డబ్బు పోయింది, నిద్ర, తిండి, మందులు ఎప్పుడు మారాయి అన్నది ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి, ఏడాది తర్వాత లాయరు అడిగేది అదే. వాదించే బదులు జవాబు వాళ్లే వెతుక్కునే ప్రశ్న వేయండి: ‘రేపు నువ్వు మానేస్తానంటే అక్కడివాళ్లు నీతో మాట్లాడతారా?’ ఒకసారి అడిగి వదిలేయాలి. దొరికిన ఐదు నిమిషాల ఫోన్లో మిగతా నాలుగూ పక్కింటివాళ్ల పెళ్లి, పెరట్లో మామిడి కాపు, అమ్మమ్మ మోకాలి నొప్పి. ‘ఎప్పుడొచ్చినా నీ గది అలాగే ఉంది’ అని చెప్పి, ఆ గది నిజంగానే అలాగే ఉంచాలి.